వైకింగుల ఓడలు సరే, ఆ తెరచాపలు నేసిందెవరు?

రేవుగట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఏడాదిన్నరగా కోపెన్‌హేగన్‌లో ఉంటున్నాను. మా నాన్న కాకినాడ రేవులో పడవలు కట్టేవారు. ఆ అలవాటో ఏమో, ఏ ఊరెళ్లినా నా కాళ్లు ముందు నీళ్ల ఒడ్డుకే పోతాయి. పోయిన ఆదివారం రోస్‌కిల్డె వెళ్లాను. రైల్లో అరగంట. అక్కడ సముద్రపు పాయ ఒడ్డునే వైకింగ్ ఓడల మ్యూజియం ఉంది.

1070 ప్రాంతంలో శత్రువులు ఊరి మీదికి రాకుండా, వాడి వాడి పాతబడిన అయిదు ఓడల్లో రాళ్లు నింపి స్కుల్‌డెలెవ్ అనే చోట నీటి దారికి అడ్డంగా ముంచేశారు. 1962లో వాటి చుట్టూ కట్ట వేసి, నీళ్లు తోడేసి, వేల ముక్కలు పైకి తీశారు. అన్నిటికంటే పెద్దది దాదాపు 30 మీటర్ల యుద్ధనౌక. చెక్కలో ఉన్న వయసు వలయాలు లెక్కపెట్టి, అది 1042లో డబ్లిన్ దగ్గరి ఓక్ చెట్లతో కట్టిందని తేల్చారు. పలక అంచు మీద పలక ఎక్కించి, ఇనుప మేకు దించి, లోపలివైపు చిన్న బిళ్ల మీద దాని కొస సాగగొట్టారు. సందుల్లో తారు పట్టించిన ఉన్ని. పైచిప్ప కట్టడం అయ్యాకే లోపల పక్కటెముకలు బిగించేవారట. ఒక్కో మేకు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

కానీ నా ప్రశ్న అది కాదు. బయట రేవులో నకలు ఓడలు కట్టి ఉన్నాయి. ఒకదాని తెరచాప మడతపెట్టి ఉంటే అడిగి ముట్టుకున్నాను. చేతికి జిడ్డు, ముక్కుకి తారు వాసన, రంగేమో ఎర్రమట్టి రంగు. గోనెగుడ్డ అనుకున్నాను. కాదు, ఉన్ని అన్నారు. ఉన్నితో తెరచాప ఏమిటండీ? తడిస్తే బరువెక్కదా? గాలి కారిపోదా? అంత గుడ్డ ఎవరు నేశారు? ఓడ కట్టినవాళ్ల గురించీ, ఎక్కి దోచుకున్నవాళ్ల గురించీ పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. చాప గురించి నేను చదివినవాటిలో ఒక్క పేరా దొరకలేదు.

కొత్తగా_చేరాను | శనివారం, రాత్రి 10:15

చాప సంగతి నాకు తెలీదు గానీ, మ్యూజియంలో కొమ్ముల శిరస్త్రాణాలు చూశారా? సిరీస్‌లు చూసి ఈ మధ్యే వైకింగుల మీద ఆసక్తి మొదలైంది.

శాసనాలపిచ్చి | శనివారం, రాత్రి 10:50

కొమ్ములు లేవు బాబూ. నార్వేలో గెర్ముండ్‌బూ అనే పొలంలో 1943లో దొరికిన ఇనుప శిరస్త్రాణం ఉంది. గుండ్రటి టోపీ, కళ్ల చుట్టూ కళ్లజోడులా కవచం, అంతే. ఆ కొమ్ములు 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి దుస్తులు గీసిన డోప్లర్ పుణ్యం. డెన్మార్క్‌లో దొరికిన కొమ్ముల కంచు టోపీలు నిజమే, కానీ అవి వైకింగులకు దాదాపు 1,700 ఏళ్ల ముందువి.

ఇంకో మాట. 'వైకింగ్' అనేది జాతి పేరు కాదు, సముద్రం మీద దాడికి వెళ్లేవాడని అర్థం. నార్స్ జనంలో, అంటే ఆ కాలపు నార్వే, డెన్మార్క్, స్వీడన్ వాళ్లలో, ఎక్కువమంది పొలం, పశువులు, గొర్రెలు చూసుకుని బతికినవాళ్లే. రేవుగట్టు గారి ప్రశ్నకు జవాబు ఆ గొర్రెల దగ్గరే మొదలవుతుంది.

పడుగుపేక | ఆదివారం, ఉదయం 6:20

మాది మంగళగిరి. నాలుగు తరాలుగా మగ్గం ఇల్లు. ఈ చాపల కథ నేను నాలుగైదేళ్లుగా వెంబడిస్తున్నాను కాబట్టి కాస్త పెద్ద టపా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉత్తర నార్వేలో ట్రొండెనెస్ అని పాత రాతి చర్చి ఉంది. దాని పైకప్పు సందుల్లో గాలి రాకుండా కుక్కిన గుడ్డపేలికలు బయటపడ్డాయి. పరీక్షిస్తే ఉన్నితో నేసిన తెరచాప ముక్కలు. వైకింగుల కాలం దాటాక నేసినవే, కానీ ఆ పద్ధతి పాతది. దారం ఎటు పురి తిరిగింది, అంగుళానికి ఎన్ని పోగులు, ఏ నేత, అన్నీ వాటిల్లో తెలిశాయి. వాటిని చూసే ఇప్పటి నకలు చాపలు నేశారు.

అక్కడి పాతరకం గొర్రెకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైది పొడుగ్గా, గట్టిగా, మెరుస్తూ. లోపలిది పొట్టిగా, మెత్తగా. ఎండాకాలం మొదట్లో ఆ బొచ్చు దానంతటదే వదులవుతుంది. కత్తిరించకుండా చేత్తో పీకుతారు. పై బొచ్చును గట్టిగా పురిపెట్టి వడికి పడుగుకు, అంటే నిలువు పోగులకు, వాడారు. లోపలి మెత్తటిదాన్ని వదులుగా వడికి పేకకు, అంటే అడ్డ పోగులకు, వాడారు. నేతపనిలో పుట్టినవాడికి ఈ ఒక్క మాట చాలు. పడుగు లాగుడుకి నిలబడుతుంది, పేక ఉబ్బి సందులు మూస్తుంది. గాలి కారిపోకపోవడానికి కారణం అదే. జీన్స్ బట్ట మీద ఏటవాలు గీతలు చూస్తాం కదా, ఆ తరహా నేత. ఆ పైన కొవ్వు, తారు, ఎర్రమన్ను కలిపి రుద్దేవారు. రేవుగట్టు గారి చేతికంటిన జిడ్డు అదే.

ఇక మగ్గం. మన గుంటమగ్గంలా కూర్చుని నేసేది కాదు. గోడకు ఆనించి నిలబెట్టిన రెండు కొయ్యలు, పైన అడ్డదూలం. పడుగు పోగులు పైనుంచి కిందికి వేలాడతాయి. కింద గుత్తులు గుత్తులుగా రాళ్లో, కాల్చిన మట్టి బిళ్లలో కట్టి బిగువు తెస్తారు. నేత పైనుంచి మొదలై కిందికి దిగుతుంది. అంటే పేకను కిందికి కాదు, పైకి కొట్టాలి. రోజంతా నిలబడి, చేతులెత్తి, ఇనుపదో తిమింగలం ఎముకదో కత్తిలాంటి బద్దతో కొట్టడం. మా ఇంట్లో పలక మీద కూర్చుని నేస్తేనే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

రాట్నం కూడా లేదు. కదురు ఒక్కటే. 100 చదరపు మీటర్ల చాపకు 150 కిలోమీటర్లు దాటిన నూలు కావాలని లెక్కగట్టారు. కాకినాడ నుంచి విశాఖ దాకా పరిచినంత దారం. ఒక్క మనిషి రోజుకు ఎనిమిది గంటలు వడికితే ఏడాది దాటుతుంది. బొచ్చు పీకడం, ఏరడం, దువ్వడం వేరు. నేత వేరు. ఓడ కట్టడానికి పట్టిన చేతిపని కంటే చాపకు పట్టిందే ఎక్కువని ఈ నకళ్లు చేసినవాళ్లు అంటున్నారు. నాకైతే అనుమానమే లేదు.

పాలమూరు_మంద | ఆదివారం, ఉదయం 8:05

పడుగుపేక అన్నా, చదువుతుంటే మా ఇంటి ముచ్చటే అనిపించింది. మాది పాలమూరు దిక్కు, కురుమలం. మా తాత నల్లగొర్ల ఉన్నితోని గొంగడి నేసేటోడు. వడికేది మాత్రం నాయనమ్మ. రేవుగట్టన్న 'తడిస్తే బరువెక్కదా' అని అడిగిండు. వానల గొంగడి కొప్పెర ఏసుకొని మంద ఎనక దినమంత తిరిగితే పైన నీళ్లు ముత్యాల లెక్క నిలుస్తయి గని లోపలికి దిగవు. ఉన్నిల ఉండే జిడ్డు పోకుండ చూసుకోవాలె, గదే కిటుకు. మా తాత చింతగింజల గంజి పట్టించి పోగు గట్టిచేస్తుండె. వాళ్లు కొవ్వు, తారు పట్టించిన్రు. దేశం వేరైనా గొర్రె గొర్రెనే కద.

నా సవాలు ఒకటి. మా గొర్రెకు ఏడాదంత కలిపినా కిలో ఉన్ని రాదు. ఒక్క చాపకు ఎన్ని గొర్లు గావాలె? అన్ని గొర్లు ఒక్క ఇంట్ల ఉంటుండెనా?

శాసనాలపిచ్చి | ఆదివారం, ఉదయం 11:30

మంద గారూ, మంచి ప్రశ్న. 890 ప్రాంతంలో ఉత్తర నార్వే నుంచి ఓట్టార్ అనే వర్తకుడు ఇంగ్లండుకు వెళ్లి, ఆల్‌ఫ్రెడ్ రాజుకు తన దేశం గురించి చెప్పుకున్నాడు. రాజు దగ్గరి లేఖకులు దాన్ని రాసిపెట్టారు. తన ఊళ్లో పెద్దల్లో తానొకడిననే చెప్పాడు. ఆస్తి లెక్క చూడండి: 600 రెయిన్‌డీర్లు, 20 ఆవులు, 20 గొర్రెలు, 20 పందులు. ఆ ఉత్తరాది మూలవాసులైన సామీ జనం కప్పంగా జంతు చర్మాలు, పక్షి ఈకలు, తిమింగలం ఎముక, వాల్రస్ తోలుతో పేనిన ఓడ తాళ్లు ఇచ్చేవారట.

ఇరవయ్యే గొర్రెలు! రోస్‌కిల్డెలో 2000లో కట్టిన నకలు సరుకు ఓడకు ఇతని పేరే పెట్టారు. దానికి 90 చదరపు మీటర్ల ఉన్ని చాప ఉంది. అంత చాప ఇరవై గొర్రెలతో ఒక ఏడాదిలో అయ్యే పని కాదు. ఏళ్ల తరబడి కూడబెట్టాలి, లేదా చుట్టుపక్కల ఇళ్ల నుంచి గుడ్డ రావాలి. ఓడ ఒకడిదే కావచ్చు, చాప మాత్రం ఊరందరిదీ అన్నమాట.

ఇంకో విషయం గమనించండి. డెన్మార్క్ నిదామ్ బురదలో దొరికిన ఓక్ పడవ 320 ప్రాంతానిది, చక్కటి పని. కానీ దానికి చాప లేదు, తెడ్లే. రోమన్లు చాపలు ఎత్తి తిరుగుతున్న కాలం అది, వీళ్లకు ఆ సంగతి తెలియకా కాదు. స్వీడన్‌కు చెందిన గాట్లాండ్ ద్వీపంలోని బొమ్మల రాళ్ల మీద గళ్లగళ్ల చాపలు తరవాతి శతాబ్దాల్లోనే బాగా కనబడతాయి. 793లో ఇంగ్లండులోని లిండిస్‌ఫార్న్ మఠం మీద వైకింగుల దాడి జరిగేసరికి చాప స్థిరపడింది. ఇంత ఆలస్యం ఎందుకైందని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు ఉన్ని, మేత, చేతులు, ఈ మూడూ సమకూరాలి కాబట్టే ఆలస్యమైందనిపిస్తుంది.

ఓస్లో_వెన్నెల | ఆదివారం, మధ్యాహ్నం 2:10

నేను ఓస్లోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఓసెబెర్గ్ ఓడ ఉన్న మ్యూజియం 2022లో కొత్త భవనం కోసం మూసేశారు. అంతకుముందు మూడుసార్లు చూశాను. ఈ చర్చలో ఆ ఓడ మాట రాకపోతే లోటే.

1904లో టోన్స్‌బెర్గ్ దగ్గర ఒక పొలంలో దిబ్బ తవ్వితే బయటపడిన ఓడ అది. 834లో సమాధి చేశారు. దాదాపు 22 మీటర్ల పొడవు, ఓడ ముందు కొస దగ్గర పాములా చుట్టుకున్న చెక్కడం. చాలామంది అక్కడ రాజు ఉంటాడనుకుంటారు. కాదు. ఇద్దరు ఆడవాళ్లు. ఒకామెకు 70 పైబడ్డాయి, ఇంకొకామెకు 50 దాకా. వాళ్లతో పాటు బండి, స్లెడ్జి బళ్లు, మంచాలు, గుర్రాలు, వంట సామాను పెట్టారు. ఇంకా ఏం పెట్టారో తెలుసా? మగ్గాలు. కదుళ్లు. పట్టీలు నేసే చిల్లుల బిళ్లలు, 52 బిళ్లల కట్ట ఒకటి పోగులతో సహా దొరికింది. సగం నేసిన పట్టీ దానికే అంటుకుని ఉంది. పైన మట్టి గట్టిగా కప్పేయడంతో గాలి చొరక వెయ్యేళ్లు చెడలేదు. గుర్రాలు, బళ్లు ఊరేగింపుగా వెళుతున్న బొమ్మల నేత ముక్కలు కూడా ఉన్నాయి. దూరదేశాల పట్టు పీలికలు వందకు పైనే.

అంత గొప్పింటి ఆడమనిషిని సాగనంపుతూ చేతిపని సామాను తోడు పంపారంటే, ఆ పనికి ఆ ఇంట్లో ఎంత విలువో చూడండి.

శాసనాలపిచ్చి | ఆదివారం, సాయంత్రం 5:45

వెన్నెల గారూ, మీ మాట కాదనను. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. దాడుల్లో బంగారంతో పాటు మనుషుల్నీ ఎత్తుకొచ్చారు. 821లో ఐర్లండ్‌లో హౌత్ దగ్గర పెద్ద సంఖ్యలో ఆడవాళ్లను పట్టుకుపోయారని అక్కడి మఠాల వార్షిక చరిత్రల్లో ఉంది. డబ్లిన్‌లో బానిసల వ్యాపారం సాగింది. ఐస్‌లాండ్‌కు మొదట చేరిన ఆడవాళ్లలో సగానికి పైగా ఐర్లండ్, స్కాట్లండ్ వైపు మూలాలవాళ్లని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. మగవాళ్లలో మాత్రం ఎక్కువమంది స్కాండినేవియన్లే. ఆ ఆడవాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లా? భూమిలోకి సగం తవ్వి కట్టిన చిన్న గుడిసెల్లో మగ్గపు బిళ్లలు వరసలుగా దొరుకుతాయి. ఆ చీకట్లో నిలబడి నేసింది ఇంటి యజమానురాలో, అమ్ముడుపోయిన పిల్లో రాళ్లు చెప్పవు. చాపను మెచ్చుకునేటప్పుడు ఆ పిల్లను మర్చిపోకూడదని నా బాధ.

పడుగుపేక | ఆదివారం, రాత్రి 8:30

మాస్టారూ, మీ బాధ నాకు అర్థమైంది. ఒప్పుకుంటున్నాను. అయితే చేతిపనికి పేరు దక్కిన సందర్భం ఒకటుంది, అదీ చెప్పాలి. నార్వే హాడెలాండ్‌లో 11వ శతాబ్దపు డిన్నా రాయి. గున్‌వోర్ అనే తల్లి, చనిపోయిన కూతురు ఆస్త్రిద్ జ్ఞాపకార్థం వంతెన కట్టించి ఈ రాయి నిలబెట్టింది. 'హాడెలాండ్ మొత్తంలో చేతి నేర్పున్న పిల్ల తనే' అని చెక్కించింది. రాజు కాదు, యోధుడు కాదు. చెయ్యి తిరిగిన పిల్ల. ఆ వాక్యం చదివినప్పుడల్లా మా మేనత్త గుర్తొస్తుంది. అచ్చు అతకడంలో, అంటే కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి కలపడంలో, మా వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఏ రాతి మీదా ఆమె పేరు లేదు.

శాసనాలపిచ్చి | ఆదివారం, రాత్రి 9:05

డిన్నా రాయి గుర్తుచేసినందుకు సంతోషం. స్వీడన్‌లో హస్‌మ్యూరా దగ్గర ఇంకోటి ఉంది. భార్య ఓడిన్‌దిసా పోయాక భర్త వేయించింది: ఈ పొలాన్ని నడిపేందుకు అంతకంటే మంచి ఇల్లాలు ఇక రాదు అని. స్కాండినేవియాలో రూన్ అనే వాళ్ల పాత లిపి చెక్కిన రాళ్లు దాదాపు 3,000. చాలావరకు మగవాళ్ల కోసం వేసినవే కాబట్టి ఇలాంటివి కళ్లకద్దుకోవాలనిపిస్తుంది.

గుడ్డ విలువ ఎంతంటే, ఐస్‌లాండ్‌లో గుడ్డే డబ్బు. వెండి కరువైన ద్వీపం. రాజు లేడు, 930 నుంచి ఆల్థింగ్ అనే సభ ఏటా కూడేది. చట్టం కంఠస్థం చేసిన పెద్ద ఏడాదికి మూడో వంతు చొప్పున మూడేళ్లలో మొత్తం అప్పజెప్పేవాడు. ఆ చట్టంలోనే 'వాద్‌మాల్' అనే ఉన్ని గుడ్డ ఆరు మూరలైతే ఒక ఔన్సు అనే డబ్బు లెక్క. వాళ్ల కొలత కూడా మోచేతి నుంచి వేళ్ల కొస దాకానే, మన మూరే. పన్నులు, జరిమానాలు గుడ్డతో కట్టారు. అంటే ఆడవాళ్లు మగ్గం దగ్గర నిలబడి నోట్లు అచ్చేస్తున్నట్టే.

కొత్తగా_చేరాను | ఆదివారం, రాత్రి 9:50

ఇంత ఉంటుందనుకోలేదు. వాళ్ల పురాణాల్లో నేత గురించి ఏమైనా ఉందా అండీ?

ఓస్లో_వెన్నెల | ఆదివారం, రాత్రి 10:40

ఉంది, ఒళ్లు జలదరించేది. ఐస్‌లాండ్ వాళ్ల పాత గాథ నియాల్ కథలో ఒక పాట వస్తుంది. 1014లో ఐర్లండ్‌లో క్లొంటార్ఫ్ యుద్ధం జరిగిన రోజు, స్కాట్లండ్‌లో ఒకతను పన్నెండుగురు రౌతులు ఒక నేత గదిలోకి వెళ్లడం చూస్తాడు. కంతలోంచి తొంగిచూస్తే లోపల ఆడవాళ్లు మగ్గం మీద ఉన్నారు. బిళ్లల బదులు మనుషుల తలలు. పోగుల బదులు పేగులు. కొట్టే బద్ద కత్తి. యుద్ధంలో ఎవరు చావాలో పాడుకుంటూ నేస్తారు. నేత అయ్యాక గుడ్డను చింపి, ఎవరి ముక్క వాళ్లు పట్టుకుని ఆరుగురు దక్షిణానికి, ఆరుగురు ఉత్తరానికి గుర్రాల మీద వెళ్లిపోతారు. వాళ్లే వాల్కైరీలు, యుద్ధంలో చచ్చేవాళ్లను ఎంచే దేవకన్యలు. పడుగుపేక గారు చెప్పిన మగ్గం వర్ణన చదివాకే నాకు ఈ పాట పూర్తిగా కళ్లకు కట్టింది. వేలాడే బిళ్లలు, పైకి కొట్టే బద్ద. ఆ మగ్గం రోజూ చూసినవాళ్లకే తట్టే పోలిక అది.

మాటమూలం | సోమవారం, ఉదయం 7:15

కంత అన్నారు కాబట్టి ఒక మాట. ఇంగ్లీషు 'విండో' నార్స్ భాష నుంచి వచ్చిందే. 'విండ్' అంటే గాలి, 'ఔగ' అంటే కన్ను. గాలి కన్ను. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న గవాక్షం ఆవు కన్ను. రెండు చోట్లా గోడకు కన్నే పెట్టారు. చర్చ పక్కదారి పట్టించాను, మన్నించండి, కొనసాగించండి.

పడుగుపేక | సోమవారం, రాత్రి 9:20

మాటమూలం గారూ, అలాంటివి ఇంకా చెప్పండి.

నేను దాచిపెట్టుకున్న సంగతి ఒకటి చెబుతాను. కెనడా న్యూఫౌండ్‌లాండ్‌లో లాన్స్ ఓ మెడోస్ అనే చోట నార్స్ జనం ఇళ్ల పునాదులు ఉన్నాయి. 1960లో ఇంగ్‌స్టాడ్ దంపతులు గుర్తించారు. అక్కడ ఇనుప పనిముట్లతో నరికిన కొయ్యలు సరిగ్గా 1021 నాటివని 2021లో తేలింది. కొలంబస్‌కు 471 ఏళ్లు ముందు. తవ్వకంలో కంచు పిన్ను దొరికింది. దాంతో పాటు ఒక చిన్న గుండ్రటి రాయి, మధ్యలో చిల్లు. కదురు బిళ్ల. నేత, వడుకు ఆడవాళ్ల పనిగా ఉన్న జనం కాబట్టి, అమెరికా గడ్డ మీద ఆ రోజుల్లో నార్స్ ఆడవాళ్లు ఉన్నారనడానికి దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు.

ఆ రాయి ఏమిటో తెలుసా? బలపపు రాయి. మనం పలక మీద దిద్దిన బలపం, పప్పుచారు కాచే రాచిప్ప, అదే రాయి. నార్వేలోనూ దాంతో వంటపాత్రలు తొలిచేవారు.

పాలమూరు_మంద | సోమవారం, రాత్రి 9:55

అన్నా, మా నాయనమ్మ కదురు ఇంట్లనే ఉన్నది. దాని బిళ్ల కొయ్యది. ఈసారి ఊరికి పోయినప్పుడు బరువు తూచి చెప్త. గంత దూరం సముద్రం దాటి పోయేటప్పుడు కదురు మూట గట్టుకొని పోయిందంటే, ఓడల కూసొని గూడ వడుకుతనే ఉన్నట్టుంది ఆమె. మా నాయనమ్మ బస్సుల వడికేది.

రేవుగట్టు | మంగళవారం, రాత్రి 11:30

మూడు రోజులుగా ఈ టపాలు రైల్లో వస్తూ పోతూ చదువుతున్నాను. అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. నాన్న కట్టిన పడవల గురించి మా ఇంట్లో ఎన్ని కథలో. ఏ పడవకు ఏ కలప, ఏ తుఫానులో ఏది నిలబడింది, అన్నీ నాకు నోటికొచ్చు. వాటి చాపలు ఎవరు కుట్టేవారో నలభై ఏళ్లొచ్చినా ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను.

'నేనూ, మీ పిన్నీ. ఇంకెవరు కుడతారు?' అంది. మధ్యాహ్నం వంట అయ్యాక అరుగు మీద గుడ్డ పరిచి, చెరో వైపు కూర్చుని మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు మధ్యలో కలిసేవాళ్లట. అంచుల్లోకి తాడు పెట్టి కుట్టేటప్పుడు అరచెయ్యి కోసుకుపోకుండా తోలుముక్క కట్టుకునేవాళ్లట. ఆ దబ్బనం ఇంకా అటక మీద డబ్బాలో ఉందంది. ఫోటో తీసి పంపమన్నాను.

పాలమూరు_మంద | బుధవారం, ఉదయం 6:40

వచ్చినంక ఈడ పెట్టన్నా. మా నాయనమ్మ కదురుది గూడ పెడత.